డాబా మీద చొక్కాలు

డోరా పెద్దమ్మ నడక మానేస్తే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. చాలా ఏళ్ల కింద ఒకసారి ఆమె పాఠాలు చెప్పే బడికి పోవడం మానేసి, స్నానం మానేసి, గోడవైపు తిరిగి పడుకుంది. డిప్రెషన్ అన్నాడు డాక్టర్. మాత్రలు రాసిచ్చి, రోజూ నడవాలన్నాడు. హెన్రీ పెదనాన్న ఆ మాటను బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు. రైల్వే ఆఫీసు నుంచి రాగానే టీ కూడా తాగకుండా ఆమెను పద్మారావు నగర్ పార్కుకు లాక్కుపోయేవాడు. మొదట్లో ఏడుస్తూ నడిచేదట. పోనుపోను ఆయనే వెనకబడి "ఆగవే తల్లీ" అనేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు పార్కుకు తాళం వేశారు. ఇద్దరూ అపార్ట్‌మెంట్ డాబా మీద నడిచారు. పిట్టగోడ వైపు ఆయన, ఇవతల ఆమె. మేలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఆమె ఇంట్లోనే తేరుకుంది. ఆయన ఆసుపత్రికి పోయి మూటలో వచ్చాడు. ఇంటికి కాదు, నేరుగా సమాధుల తోటకు. పాస్టరుగారు ఫోన్లో ప్రార్థన చేశారు. మట్టి వేయడానికి మావాళ్లలో నేనొక్కణ్నే. కాలేజీ మానేసి ఖాళీగా ఉన్నాను కాబట్టి పెద్దమ్మకు తోడుగా కూడా నన్నే ఉంచారు.

వారం తిరగకముందే ఒక సాయంత్రం ఆమె తెల్ల చీర కింద నీలం బూట్లు వేసుకుంది.

"నడవకపోతే మళ్లీ అటే పోతాన్రా," అంది.

డాబా మీద పిట్టగోడ వైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, చేతులూపుతూ నడిచింది. వడియాలు తీసుకోవడానికి వచ్చిన పైఅంతస్తు స్వర్ణలత ఆంటీ అది చూసింది. ఆంటీ చెడ్డ మనిషి కాదు. జ్వరాలున్నన్నాళ్లూ పెద్దమ్మవాళ్ల గుమ్మం ముందు అన్నం గిన్నె పెట్టిపోయింది ఆమే.

"డోరా టీచర్, సారు పోయి వారం సుత కాలే. గిప్పుడే వాకింగా? ఎదురు బిల్డింగోళ్లు నవ్వుతున్రు. జెర ఇంట్లనే కూసోరాదు."

నేను నోరు తెరవబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. చీకటి పడేలోపే సంగతి ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే పెదనాన్న చెల్లెలు లీలాకుమారికి చేరింది. ఆమె ఫోన్ చేసి చర్చి సంఘంలో అందరూ ఏమనుకుంటారని వదినకు చాలాసేపు చెప్పింది. పెద్దమ్మ బూట్లు మంచం కిందికి తోసేసి గోడవైపు తిరిగింది.

పెట్టిన అన్నం పెట్టినట్టే ఎండిపోయేది. బతిమాలాను, తిట్టాను. జనం గోల నీకెందుకన్నాను. తాను వీళ్ల మధ్యే బతకాలంది.

ఒక పొద్దున్న లేచేసరికి మంచం ఖాళీ. స్నానాల గదిలో పెదనాన్న చొక్కా ఉతుకుతోంది. దాన్ని బకెట్లో వేసుకుని డాబా ఎక్కింది. తీగ మీద ఆరేసి, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, క్లిప్పు సరిచేసి, మళ్లీ నడిచింది. కిందికొచ్చి ఇంకో చొక్కా తీసింది. అన్నీ ఒకేసారి తీసుకుపోవచ్చుగా అనబోయి ఆగిపోయాను.

ఆంటీ ఈసారి కళ్లు తుడుచుకుంది. సారు బట్టలు పానం లెక్క చూసుకుంటుందని మెట్ల మీద నాతో అంది. ఊరికే నడిస్తే సిగ్గులేనిది, మొగుడి చొక్కా మోస్తూ నడిస్తే మంచిది. ఇదీ మనవాళ్ల తెలివి.

పెద్దమ్మ తినడం షురూ చేసింది. ఆరిన చొక్కాలను మర్నాడు మళ్లీ తడిపేది. ఒక్క చారల చొక్కా మాత్రం ఉతకలేదు. ఆసుపత్రికి పోయే ముందు ఆయన విడిచింది అది. దిండు కింద ఉండేది.

లాక్‌డౌన్ ఎత్తేయగానే లీలాకుమారి వచ్చింది. వదిన చేతులు సబ్బుకు పగిలి ఉండడం చూసి ఏడ్చింది. బీరువాలోని బట్టలన్నీ మూటగట్టి, పేదలకిస్తే అన్నయ్య సంతోషిస్తాడని తీసుకుపోయింది. ప్రేమతోనే.  పెద్దమ్మ ఏమని వద్దంటుంది?

మర్నాడు మళ్లీ గోడవైపు తిరిగింది. నా బట్టలు ఉతుకు, నా ప్యాంట్లు మోయి అన్నాను.

"నీ బట్టలకి పదిసార్లు ఎక్కి దిగితే పిచ్చిదంటార్రా," అంది.

రెండు రోజులకు దిండు కింద నుంచి చారల చొక్కా తీసింది. ముఖానికి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత దాన్ని బకెట్లో వేసి కుళాయి తిప్పింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. 

డాబా మీద అది ఆరకముందే ఒకసారి తీసి వాసన చూసింది.

"సబ్బు వాసనేరా."

మళ్లీ తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, పిట్టగోడ వైపు చోటు వదిలి నడిచింది.