నాన్నకు ఎదురెళ్ళిన పాదాలు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆయన. చెత్త డబ్బా రోడ్డు వారన పెట్టి వస్తానని వెళ్ళిన మనిషి, ఒంటి కాలి చెప్పుతో వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు.

"విన్నావా? పక్కింటి పెద్దావిడ వాళ్ళ నాన్నగారు దొరికారట."

"ఆయన ఎప్పుడో యుద్ధంలో పోయారు కదండీ?"

"పోయారు. ఇప్పుడు దొరికారు. ఇంటికి తీసుకొస్తున్నారు."

పొయ్యి మీద పోపు సంగతే మర్చిపోయాను. ఆ మెంతులు మాడిన వాసన ఇప్పటికీ జ్ఞాపకం.

మేముండే కాపెల్ ఊళ్ళో మా పక్కింట్లో ఉండే ఆవిడకు ఎనభై దాటాయి. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. చిన్నప్పుడు ఒంట్లో బాగుండక, ఇంట్లోనే నాయనమ్మ దగ్గర అక్షరాలూ పద్యాలూ నేర్చుకున్నాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక నా ఇంగ్లీషు విని నవ్వనిది ఈవిడ ఒక్కరే. తన పాత కారులో పక్కన కూర్చుని నాకు డ్రైవింగ్ నేర్పారు. దేవుడు ఈ దేశంలో నాకొక తల్లిని పక్కింట్లోనే పెట్టాడని రోజూ దీపం వెలిగించేటప్పుడు అనుకుంటాను. అమ్మా అనే పిలుస్తాను. ఆ మాటకు అర్థం ఆవిడకు తెలుసు.

ఆవిడ నాన్నగారు రోడ్లు వేసే పని చేసేవారట. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక అమెరికన్ నేవీలో నిర్మాణ దళంలో చేరారు. సైన్యం ఒక దీవి మీద దిగితే, వెనకే దిగి దారులూ, రేవూ, విమానాలు వాలే చోటూ కట్టి ఇవ్వడం వీళ్ళ పని. పసిఫిక్ సముద్రంలోని ఒక దీవి మీద దాడికి దిగిన మొదటి రోజే, పడవలోంచి బుల్డోజర్‌ను ఒడ్డుకు ఎక్కిస్తూ ఆయన చనిపోయారు. ఎవరో తెలియని సైనికుడిగా పాతిపెట్టారు. ఎప్పుడో కూతురి బుగ్గ లోపలి నుంచి తీసుకున్న డీఎన్ఏ నమూనా, ఇన్నేళ్ళకు ఆయన ఎముకలతో సరిపోయింది.

అయితే ఆ వసంతంలోనే పెద్దావిడకు తుంటి ఎముక విరిగింది. వాకర్ పట్టుకుని వంటింటి నుంచి సోఫా దాకా నడిస్తే అదే గొప్ప. నేవీ నుంచి వచ్చిన అధికారి, నాన్నగారిని తెచ్చే విమానం దగ్గరికి చక్రాల కుర్చీలో తీసుకెళ్తామని ఎంతో మర్యాదగా చెప్పాడు. అతను వెళ్ళాక ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"నాన్న వెళ్ళేనాటికి నేను పాకుతున్నాను హనీ. నేను నడవడం ఆయన చూడలేదు. ఇప్పుడు కూడా నన్ను తోసుకెళ్తే ఎలా? నేను నడిచే వెళ్ళాలి."

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, ప్రయత్నిద్దాం అంది గానీ మాట ఇవ్వలేదు. వాకిట్లోకి రాగానే పెద్దావిడ ఆగిపోయేవారు. నొప్పి కన్నా భయం ఎక్కువ. ముందున్నదంతా ఒకటే సిమెంటు, కాలు ఎక్కడ వెయ్యాలో తెలియడం లేదనేవారు.

అలా ఉండగా కృష్ణాష్టమి వచ్చింది. బియ్యప్పిండి కలిపి, అందులో పిడికిలి అంచు ముంచి అద్దుతూ, పైన వేలికొసతో చుక్కలు పెడుతూ, మా గుమ్మం నుంచి దేవుడి గూటి దాకా చిన్నికృష్ణుడి పాదాలు వేశాను. ప్రసాదానికని మా ఆయన కుర్చీలో తీసుకొచ్చిన పెద్దావిడ వాటినే చూస్తూ ఉండిపోయారు.

"ఎవరివి ఇవి?"

"పసివాడివమ్మా. ఇప్పుడిప్పుడే నడక నేర్చి ఇంట్లోకి వస్తున్నాడు."

"నా వాకిట్లోనూ వెయ్యి," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గుమ్మం నుంచి వీధిలోని పోస్టు డబ్బా దాకా వేశాను. ఆవిడ ఒక్కో పాదం చూసుకుని ఒక్కో కాలు మోపేవారు. "మీ దేవుడివి మరీ చిన్న కాళ్ళు. నా బూటు ఒక్కటే రెండింటినీ మింగేస్తోంది," అని నవ్వేవారు. పిండిని చీమలు తినేసేవి, నేను మళ్ళీ వేసేదాన్ని. రోజూ నిన్నటి కన్నా కాస్త ముందుకు వెళ్ళేవారు. ఎప్పుడు తెల్లవారుతుందా అని ఉండేది నాకు.

ఆ సంబరంలో, షామ్‌బర్గ్‌లో మా బావగారి దగ్గరుండే అత్తయ్యగారికి వీడియో కాల్‌లో గొప్పగా చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇదేం పనే? కృష్ణుడు ఇంట్లోకి రావాలి గానీ, గడప దాటి బయటికి పోతున్నట్టు వేస్తారటే ఎవరైనా? అందులోనూ అంత పెద్దావిడ ఇంటి ముందు."

నడక మీదే ధ్యాస పెట్టి, పాదాలు ఎటు తిరిగాయో చూడనేలేదు. నీళ్ళ గొట్టం లాక్కొచ్చి కడిగెయ్యబోతుంటే పెద్దావిడ గుమ్మంలోంచి ఆపారు. సంగతి చెప్పాను.

"వచ్చేవాళ్ళకు ఎదురెళ్ళి తీసుకురావడం మీలో లేదా?" అన్నారు.

లేకపోవడమేమిటి. మగపెళ్ళివారి కోసం మేళతాళాలతో ఎదురుకోలుకు వెళ్ళేవాళ్ళం మేము. వెంటనే మళ్ళీ ఫోన్ చేశాను. అత్తయ్యగారు మెత్తబడ్డారు.

"ఎదురుకోలైతే సరే. కానీ తిరిగొచ్చే పాదాలు కూడా వెయ్యి. వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రావద్దూ?"

పక్కన లోపలికి వచ్చే వరస కూడా వేశాను.

చివరికి ఆ రోజు వచ్చింది. విమానం ఆగింది. తెల్లటి దుస్తుల్లో నావికులు బారులు తీరారు. జెండా కప్పిన పెట్టె మెల్లగా కిందికి దిగింది. పెద్దావిడ కుర్చీలోంచి లేచి వాకర్ పట్టుకున్నారు. మా ఆయన వెనకాలే నిలబడ్డారు. ఒక్క అడుగు వేసి ఆవిడ ఆగిపోయారు.

"పాదాలేవీ?" అన్నారు.

ముందంతా ఉత్త నేల. నా దగ్గర పిండి లేదు. ఆవిడ మందుల కోసం తెచ్చిన నీళ్ళ సీసా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, పిడికిలి తడిపి ఆవిడ ముందు అద్దాను. ఎండకు నేల కాలిపోతోంది. వేసిన పాదం చూస్తుండగానే ఆరిపోతోంది. ఆరేలోగా ఆవిడ అడుగు వేస్తున్నారు. నేను వెనక్కి జరుగుతూ అద్దుతూనే ఉన్నాను. వెంట ఉన్న అధికారి వంగి, సీసా తన చేతిలోకి తీసుకుని నా పిడికిలి మీద నీళ్ళు పోస్తూ వచ్చాడు. ఆ మనిషిని దేవుడు చల్లగా చూడాలి.

ఆవిడ చెయ్యి జెండాకు తగిలింది.

"నాన్నా, చూశావా," అన్నారు.

నేనే నడక నేర్చినంత సంతోషం వేసింది. కృష్ణా అనుకున్నాను.

ఆయన్ను భార్య పక్కనే పూడ్చారు. ఆ సాయంత్రం మడిచిన జెండాను వాకర్ సంచిలో పెట్టుకుని, పెద్దావిడ లోపలికి వచ్చే వరస మీదుగానే ఇంట్లోకి నడిచారు.

ఇది చదివినవారికి నాదొక మనవి. వచ్చే కృష్ణాష్టమికి మీ గుమ్మంలో పాదాలు వేసేటప్పుడు, పదిమంది నడిచే దారి వెయ్యడానికి వెళ్ళి, కన్నకూతురి తొలి అడుగు చూడకుండానే ఆ ఒడ్డున ఆగిపోయిన ఆ బుల్డోజర్ డ్రైవర్‌ను ఒక్కసారి తలుచుకోండి.