రెండు వేళ్ల వదులు

మా బావమరిది దర్జీ. యాభై ఏళ్లు మిషను తొక్కాడు. ఈ వీధిలో అతను కుట్టిన చొక్కా తొడగని మగాడు లేడు, బిగుతైందన్నవాడూ లేడు. "మనిషి ఇవాళ ఉన్నట్టు రేపుంటాడా బావా? కొలత మీద రెండు వేళ్లు వదులుండాలి" అనేవాడు. చొక్కాలకే కాదు, మాటలకీ అదే వదులు.

ఇక నా సంగతి. పల్లె బడిలో చదివింది ఐదో తరగతే, అయినా ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాను. దస్తూరికి కొత్త పలక బహుమతిగా కొట్టాను. బస్సు నడిపినన్నాళ్లూ కోడిపిల్లకైనా దెబ్బ తగలనివ్వలేదు. అందుకే, ముసలివాళ్ల తిండి అలవాట్లు కొలవడానికి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ చిన్న ప్రశ్నల కాగితం పంచగానే, కళ్లజోడు మరిచివచ్చిన బావమరిది నా పక్కన చేరాడు. అతను చెప్పడం, నేను రాయడం.

ఆ కాగితమంటే అతనికి గుండెదడ. "నాన్నా, మార్కులు తగ్గాయో, బిస్కెట్ల డబ్బా అటకెక్కుతుంది. నిచ్చెన పక్కింటికి ఇచ్చేస్తా" అని కూతురు ముందే చెప్పేసింది. టీలో బిస్కెట్టు ముంచనిదే అతనికి తెల్లవారదు.

"రోజుకు కూరగాయలు ఎన్ని గుప్పిళ్లు?" చదివాను.

"రెండు. నాలుగు వేసుకో."

"అదేంటోయ్?"

"వదులు బావా!"

పండు ఒకటని మూడు వేయించాడు. నీళ్లు ఆరు గ్లాసులని ఎనిమిది వేయించాడు. బిస్కెట్ల దగ్గరికొచ్చినా అలవాటు ఊరుకుంటుందా? "నాలుగు... ఆరు వేసుకో" అన్నాడు. నేను ముత్యంలాంటి ఆరు దించాను.

నర్సమ్మ చదివి కళ్లు తేలేసింది. "తాతగారూ, ఈ లెక్కన మీరు నమలడం ఆపేదెప్పుడు?"

తండ్రిని తీసుకెళ్లడానికి వచ్చిన కూతురు తొంగిచూసింది. "ఆరు బిస్కెట్లా! మామయ్యా, మీరైనా చెప్పొద్దూ? ఇవాళే అటకెక్కిస్తా."

బావమరిది ముఖం గుండీలూడిన చొక్కాలా వేలాడింది. ఇక నేను లేవక తప్పలేదు.

"నర్సమ్మా, ప్రతి అంకెలోంచీ రెండు కొట్టెయ్యండి. అది దర్జీ వదులు."

ఆవిడ నవ్వాపుకుంటూ అన్నీ కొట్టేసి మళ్లీ మార్కులు వేసింది. "కూరలు, పండు, నీళ్లు ఫరవాలేదు. బిస్కెట్లే ఎక్కువ. డబ్బా కిందే ఉండనియ్యమ్మా, రోజుకు రెండే ఇవ్వు."

"రెండంటే... వదులు లేకుండానా?" అన్నాడు.

"బిగుతుగా నాన్నా!" అంది కూతురు.

మర్నాడు బావమరిది నన్ను వెంటబెట్టుకుని బేకరీకెళ్లి, మెడలోంచి కొలత టేపు తీసి ఒక్కో బిస్కెట్టు మీదా పరిచాడు.

"ఏంటి తాతా, బిస్కెట్టుకి చొక్కా కుడతావా?" అన్నాడు బేకరీవాడు.

"ఎన్ని తినాలో నర్సమ్మ చెప్పింది. ఎంత వెడల్పో చెప్పలేదుగా!"

సాసరంత బిస్కెట్లు ఏరుకుని దర్జాగా ఇంటికొచ్చాడు. టీ వచ్చింది. ఎటు తిప్పినా బిస్కెట్టు కప్పులో దూరదు.

"కప్పు బిగుతు బావా!" అంటూ గిన్నె కోసం వంటింట్లోకి పరిగెత్తాడు.