మేడ మీద మగ్గం

ఇల్లు పైకి లేస్తే మనిషీ పైకి లేచినట్టేనని సిద్దిపేట అంతా నమ్మిన రోజులవి. బస్సులు తిరిగే రోడ్డు వెంట కింద దుకాణాలు, వాటి మీద రెండంతస్తులు కట్టుకోవచ్చని, గల్లీల్లో మాత్రం వీల్లేదని కొత్త రూలు వచ్చింది. నేనప్పుడే డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు పూర్తిచేసి, ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో చేరాను (గీసేదానికన్నా చెరిపేదే ఎక్కువ). నా అదృష్టమో ఆయన దురదృష్టమో, మా నాన్నకు అన్న, పెదబాపు పెంకుటిల్లు సరిగ్గా ఆ రోడ్డు మీదే ఉంది. ఆయన ముందరి గదిలో, నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని, పొద్దంతా మగ్గం నేసేవాడు. ఆయన కొడుకు, మా అన్న, పనికి పోయిన భీవండి నుంచి వచ్చి ఇల్లు విప్పి మేడ కడదామన్నాడు.

"మరి నా మగ్గం ఏడ వెడ్తర్రా?" అన్నాడు పెదబాపు.

"మీద పెడ్దం పెదబాపూ! మంచిగ గాలి, ఎలుతురు" అంటూ ప్లాన్లో 'మగ్గం గది' అని అందంగా రాసి చూపించాను. చదువు రాకపోయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "నువ్వు గీసినవంటె మంచిగనే ఉంటదిరా" అన్నాడు.

మేడ లేచింది. మగ్గాన్ని విప్పి పైకి చేర్చారు. పెదబాపు స్లాబు మీద అటూ ఇటూ తిరిగి, "గుంత ఏదిరా?" అన్నాడు. నేలలో ఉండే గుంట మేడ మీద ఎలా వస్తుందన్నది నాకు తట్టనే లేదు.

"స్లాబు పగలగొడ్దమా? నీ కాళ్లు కింద మిఠాయి దుకాణంల ఏలాడ్తయ్" అన్నాడు మేస్త్రీ. అందరం పగలబడి నవ్వాం. పెదబాపూ నవ్వాడు. నవ్వుతూనే కూలబడ్డాడు.

నేను ఊరుకున్నానా? చెక్కలతో ఎత్తుగా గద్దె కట్టించి, మధ్యలో గుంట లాంటిది వదిలించాను. ఎక్కి కూర్చుంటే ఆయన తల కప్పుకు తగిలింది (రెండంతస్తులు ఇమడాలని కప్పు ఎత్తు తగ్గించి గీసిందీ నేనే). మెడ వంచుకుని కొన్నాళ్లు నేసి, "మెడ గుంజుతుంది బిడ్డా" అని దిగిపోయాడు. మగ్గం కర్రలు కింద దుకాణంలో అరలయ్యాయి.

ఆ తర్వాత పొద్దున్నే ఎటో వెళ్లిపోయేవాడు. ఒకరోజు పెద్దమ్మ పంపితే వెతుక్కుంటూ పోయాను. బస్సు దూరని వెనక గల్లీలో, దోస్తు ఇంటి గుంటలో కూర్చుని వాళ్ల చీర నేస్తున్నాడు.

"ఇంటికి రావా పెదబాపూ?"

"పొద్దూకంగ వస్త బిడ్డా. పండుకోనీకె మీద మంచిగనే ఉన్నది."

ఆ గొంతులో కోపమన్నదే లేదు. ఉంటే బాగుండేది. చనిపోయేదాకా ఆయనకు ఆ మేడ పడుకునే చోటుగానే మిగిలింది.

ఇప్పటికీ ప్లాన్లు గీస్తున్నాను. ఎవరైనా పాత ఇల్లు విప్పుతామని వస్తే, గదులెన్నని అడగకముందే, "మీ ఇంట్ల పెద్దమనిషి పొద్దంత ఏడ గూసుంటడు?" అని అడుగుతాను. "టీవీ ముంగట సార్" అని నవ్వుతారు. నేనూ నవ్వి, టీవీ గదిని కింది అంతస్తులోనే గీస్తాను.