రెండు భాషల బడికి ఒకే బోర్డు

2025 ఆగస్టు. నర్సీపట్నం బస్టాండుకి దగ్గర్లో, మేడ మీద, రెండు సిస్టమ్‌లూ రెండు కుర్చీలూ ఒక ఫ్యానూ ఉన్న ఫ్లెక్సీ డిజైనింగ్ షాపు మాది. మాది అంటే నాదీ, రాజుదీ. పుట్టినరోజు, గృహప్రవేశం, పదవీ స్వీకారం, సంతాపం, సందర్భం ఏదైనా సరే, మనిషి మొహాన్ని పది అడుగులకి సాగదీసి రోడ్డు మీద నిలబెట్టడం మా వృత్తి. చూసేవాళ్ళు దీన్ని కంప్యూటర్ పని అనుకుంటారు. నిజానికి ఇది అసూయ మీద నడిచే పని. ఎవరి ఫోటో పైన, ఎవరిది కింద, ఎవరిది ఒక అంగుళం పెద్దది, ఇదే మా ముడిసరుకు. మనుషులకి పక్కవాడి ఫోటో చూసి కడుపు మండకపోతే మేమిద్దరం ఈపాటికి జీడిపిక్కలు వలుచుకుంటూ ఉండేవాళ్ళం.

నాకూ కడుపుమంట ఉంది. ఫాంట్లు, రంగులు, కొలతలు నాకు తెలుసు. రాజుకి మనుషులు తెలుసు. వచ్చినవాళ్ళు నా డిజైన్ అంతా చూసి, "బాగుంది. ఓపాలి రాజుగారికి కూడా సూపించు," అంటారు. మేమిద్దరం ఒకే ఏడు పుట్టాం. అతనికి ఆ 'గారు' ఎప్పుడు వచ్చిందో, నాకెందుకు రాలేదో, ఆరేళ్ళుగా ఆలోచిస్తున్నాను.

మా అక్క ఈశ్వరి ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్. అంటే ఒక పెద్దావిడ ఇంట్లోనే ఉండి ఆవిడ మందులూ మాకులూ నడకా చూసుకుంటుంది. సముద్రం పక్కన ఊరు. యూదులూ ఉంటారు, అరబ్బులూ ఉంటారు. ఇద్దరూ ఆ దేశ పౌరులే. ఒకే మార్కెట్లో కూరగాయలు కొంటారు గానీ పిల్లల్ని మాత్రం వేరువేరు బళ్ళకి పంపుతారు. ఆ పెద్దావిడ కూతురు తమార్, ఆమె స్నేహితురాలు రీమ్ కలిసి ఇద్దరి పిల్లలకీ ఒకే బడి పెట్టారు. తమార్ యూదు, రీమ్ అరబ్. ప్రతి తరగతిలో ఇద్దరు టీచర్లు. ఒకరు హీబ్రూలో చెబితే, ఇంకొకరు అరబిక్‌లో చెబుతారు.

ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, ఈల్ల బడి గేటుకి బోర్డు సెయ్యాలంట. నీ గురించి సెప్పేను."

"అక్కా, నాకా రెండు భాషల్లో ఒక్క అచ్చరం రాదు."

"అదే కావాలంట. ఒకటొచ్చినోడైతే ఆ పక్కోల్ల మనిసని అనేస్తారంట. మావోడికి రెండూ రావండీ అని గట్టిగా మాటిచ్చేను. నా పరువు తియ్యకు."

తెలియనితనమే అర్హతగా పని దొరకడం నా జీవితంలో అదే మొదటిసారి.

వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుని కనిపించారు. రీమ్ ఇంగ్లీషులో సంగతి చెప్పింది. ఆదివారం తల్లిదండ్రుల కమిటీ ఉంది. రెండు వైపులవాళ్ళూ ఒప్పుకున్న బోర్డు ఉంటే అదే పెడతారు. లేకపోతే మునిసిపాలిటీ తన మామూలు బోర్డు బిగించేస్తుంది: పైన పెద్దగా హీబ్రూ, కింద చిన్నగా అరబిక్.

"అది గేటుకి ఎక్కితే మావాళ్ళు సగంమంది పిల్లల్ని పంపరు," అంది రీమ్. "ఇక్కడ కూడా మేం కిందేనా అంటారు."

"వాళ్ళు రాకపోతే ఇది ఊళ్ళో ఇంకో మామూలు బడి," అంది తమార్. "యుద్ధం వచ్చాక పంపాలా వద్దా అని రెండు వైపులా ఊగుతున్నారు. ఒక్క బోర్డు చాలు, మానేయడానికి."

మాకిది కొత్త కాదనుకున్నాను. ఫ్లెక్సీలో తమ ఫోటో చిన్నదని పెళ్ళికే రావడం మానేసినవాళ్ళని నేను చూశాను.

మొదటి ప్రూఫ్ పంపాను. ప్రూఫ్ అంటే అచ్చుకి ముందు చూపించే నమూనా. రెండు పేర్లూ పక్కపక్కనే, రెండూ 200 పాయింట్లు. పాయింట్ అంటే అక్షరం సైజుకి మేం వాడే కొలత. అరబిక్‌వాళ్ళు మొదటి నుంచీ వెనకబడ్డారు కదా అని వాళ్ళ పేరు ఎడమ పక్క, ముందు పెట్టాను. ధర్మరాజులా ఫీలయ్యాను. రెండు భాషలూ కుడి నుంచి ఎడమకి చదువుతారని నాకెవరూ చెప్పలేదు.

"మళ్ళీ మేం వెనకే," అంది రీమ్. "పైగా చిన్నగా."

"మేడం, రెండూ 200 పాయింట్లే."

"నాకు నంబరు కనబడదు. అక్షరం కనబడుతుంది."

"నంబరు సమానంగా ఉంటే ఇంకేం కావాలి రీమ్?" అంది తమార్.

అక్కడి నుంచి ఇంగ్లీషు వదిలేశారు. నాకు భాష రాకపోయినా పోట్లాట వచ్చు.

అలాంటప్పుడు మా దగ్గర ఒక ఉపాయం ఉంది. రోలుగుంట వైపు ఒక ఊళ్ళో ఒకే పార్టీకి ఇద్దరు నాయకులు. ప్రతి పండక్కీ మేం రెండు ఫ్లెక్సీలు వేస్తాం. ఈయన వీధిలో కట్టేదాంట్లో ఈయన పెద్ద, ఆయన వీధిలో కట్టేదాంట్లో ఆయన పెద్ద. ఒకరి వీధిలోకి ఒకరు వెళ్ళరు కాబట్టి ఇద్దరూ సంతోషమే. ఆ తెలివితేటల్నే విదేశానికి ఎగుమతి చేశాను. తమార్‌కి హీబ్రూ పెద్దగా ఉన్న ప్రూఫ్, రీమ్‌కి అరబిక్ పెద్దగా ఉన్న ప్రూఫ్, విడివిడిగా పంపించి టీ తాగడానికి లేచాను.

కప్పు పట్టుకునే లోపే ఫోను మోగింది. స్క్రీన్ మీద ఇద్దరూ ఉన్నారు, చెరో చేతిలో చెరో ఫోను పట్టుకుని.

"ఏమిటిది?" అంది తమార్.

"మీ ఇద్దరికీ నచ్చాలని, మేడం... మా ఊళ్ళో ఇలాగే..."

"మీ ఊళ్ళో ఎలాగో నాకు తెలియదు," అంది రీమ్. "మాకు గేటు ఒకటే."

తమార్ ఇంకా కోపంగా ఉంది. "నాకొకటీ తనకొకటీ చెప్పేవాళ్ళు ఇక్కడే బోలెడుమంది ఉన్నారు. వాళ్ళు చాలరని నిన్ను పెట్టుకున్నామా? ఆదివారం రెండు పేపర్లు పట్టుకెళ్ళి ఏం చెప్పను?"

 అంతలో రీమ్ చెయ్యి చాపి తమార్ కప్పులోంచి కాఫీ తాగింది. ఒకరి మీద ఒకరు మండిపడుతూనే. తమార్ చూడను కూడా చూడలేదు. నేను తిట్లు తింటున్నానన్న సంగతి మర్చిపోయి ఆ కప్పునే చూశాను. నేనూ రాజూ ఆరేళ్ళలో ఒక్కసారీ పోట్లాడుకోలేదు. అందరూ మమ్మల్ని చూసి ఎంత కలిసికట్టుగా ఉన్నారో అంటారు. కలిసికట్టు ఏమీ లేదు, చెరొక స్క్రీన్ చూస్తూ కూర్చుంటాం. ఆ ఇద్దరి పోట్లాట చూసి నాకు నిజంగా కుళ్ళు పుట్టింది.

అప్పటిదాకా పక్కనే ఏదో సంతాపం ఫ్లెక్సీకి పూలదండ అతికిస్తున్న రాజు కుర్చీ జరుపుకుని వచ్చాడు.

"ఒరే సీనూ, ఆ రీమ్ మేడం సెప్పింది నిజమే. మొదటి దాంట్లో అరబిక్ సిన్నగానే ఉంది."

"రెండూ 200 రా."

"మన గొలుగొండ బావాబామ్మర్దులు గుర్తునేరేటి? ఇద్దరి ఫోటోలకీ ఒకే సైజు డబ్బా కట్టేవు. ఒకడిది మొహం దాకా కత్తిరించేవు, ఇంకోడిది నడుం దాకా. డబ్బా ఒకటేరా, మొహమే సిన్నది. ఇదీ అంతే."

మళ్ళీ చూశాను. నిజమే. హీబ్రూ అక్షరాలు ఇటుకల్లా డబ్బా నిండా నిలబడ్డాయి. అరబిక్ అక్షరాలు సగం డబ్బాని పైకి లేచే గీతలకీ కిందకి దిగే తోకలకీ ఇచ్చేసి, మధ్యలో చిన్న మొహంతో మిగిలాయి. ఫోటోల్లో నాకు బాగా తెలిసిన సంగతే. అక్షరాల్లో రాజుకి కనబడింది, నాకు కనబడలేదు. అదీ నా బాధ.

అరబిక్‌ని పెంచుతూ పోతే 240 దగ్గర రెండూ సమానంగా కనిపించాయి. నంబరు చెప్పకుండా పంపేద్దామనుకున్నాను. రాజు, ఇంకా కాల్ నడుస్తున్న ఫోనుని సిస్టమ్ వైపు తిప్పి, "మేడం, దిస్ టూ హండ్రెడ్. దిస్ టూ ఫార్టీ. లుక్, సేమ్ టు సేమ్," అనేశాడు.

తమార్ రెండు పేర్లనీ మార్చి మార్చి చూసింది. "మావాళ్ళకి నంబరు తెలిస్తే గొడవే," అంది.

"తెలియకపోతే తెలిసిన రోజున అంతకంటే పెద్ద గొడవ," అంది రీమ్. "నంబర్లు ప్రూఫ్ కిందే రాయించు. ఇక నాకు కుడి పక్క ఇవ్వు. సైజు సమానంగా కనబడితే చాలు, పైన నువ్వు తీసుకో."

"చదవడం మొదలయ్యేది కుడి నుంచి. అసలైంది నువ్వే కొట్టేస్తున్నావు."

"ముందు కనబడేది పైది. అసలైంది నీకే ఇస్తున్నాను."

చివరికి మెట్ల వరసలా వచ్చింది. హీబ్రూ పైన, కొంచెం ఎడమకి. అరబిక్ కింద, కుడి అంచు నుంచి. ఇద్దరూ అవతలివాళ్ళకే లాభం వచ్చిందని నమ్మి ఒప్పుకున్నారు. కాల్ పెట్టేసే ముందు ఇద్దరూ అతని పేరు అడిగి, "థాంక్యూ మిస్టర్ రాజు," అన్నారు.

ఇక ఆగలేదు. "అందరూ నిన్నే పొగుడుతారు. నాకు మండిపోద్ది, తెలుసా?" అన్నాను రాజుతో, మొదటిసారి.

"నాకు మండదేటి?" అన్నాడు రాజు. "నువ్వు ఫాంటు పేరు సూడకుండా సెప్పేస్తావు. ఆరేల్ల నుంచీ నేను ఇంటికాడ దొంగసాటుగా నేర్సుకుంతన్నాను. ఒక్కటీ ఎక్కదు."

ఆరేళ్ళలో నేను విన్న అత్యంత హాయైన మాట అదే.

ఆదివారం కమిటీ గురించి అక్క ఫోనులో చెప్పింది. "అరుసుకున్నారు. కేకులు తిన్నారు. మల్లీ అరుసుకున్నారు. ఇటు ఇద్దరు, అటు ఒకడు లెగిసెల్లిపోయేరు. మిగిలినోల్లు ఒప్పుకున్నారు. నువ్వు బేగి ఫైలు పంపించు."

బడి తెరిచిన రోజు రీమ్ ఒక ఫోటో పంపింది. గేటు పక్కన ఇద్దరు తల్లులు, ఒకామె తలకి గుడ్డ కట్టుకుంది, ఒకామె కట్టుకోలేదు. ఇద్దరూ మునివేళ్ళ మీద లేచి బోర్డు మీది అక్షరాల్ని జానలతో కొలుస్తున్నారు. ఇద్దరి మొహాల్లోనూ అనుమానమే. కింద రీమ్ రాసింది: "కొలిచారు. వాదించుకున్నారు. పిల్లలు లోపలికి వెళ్ళారు."

సమానం అనేది నంబర్లో ఉండదనీ, తక్కువగా కనబడుతున్నవాళ్ళని అడిగితేనే తేలుతుందనీ ఈ పని నాకు నేర్పింది. అసూయని ఎదుటివాళ్ళ మొహం మీదే చెప్పుకోగలిగితే దానితో గేటు కూడా కట్టొచ్చని నేర్పింది. ఆ ఫోటో చూసినప్పుడల్లా మాత్రం నాకు మంటే. ఇన్నేళ్ళలో నేను వేసిన ఇన్ని ఫ్లెక్సీల్లో, పడని ఇద్దరు పక్కపక్కన నిలబడి కొలుచుకున్నది ఒక్కటీ లేదు.