అరవై రెండు కిలోల ఒప్పందం

సునామీలో పోయినవాటిని నేను తూకంలోనే లెక్కపెట్టుకున్నాను. జంగ్లీఘాట్ పల్లంలో ఉన్న మా గోడౌన్‌లో నలభై బస్తాల బియ్యం, ఆరు బస్తాల కందిపప్పు, రెండు బస్తాల పంచదార. పంచదారకైతే గోనెసంచులే మిగిలాయి. చిన్న తక్కెడ కొట్టుకుపోయింది. బస్తాలు తూచే పెద్ద కాటా మాత్రం బురదలో నిలబడి ఉంది. ఇవన్నీ ఒక్క ఉదయంలో పోయాయి. ఆ తర్వాత రెండేళ్లలో పోయింది ఇంకొకటి ఉంది. మా తమ్ముడి ఒంట్లో ఇరవై ఒక్క కిలోలు.

ఆ ఉదయం వాడి నడుం మీద బస్తాల వరస కూలింది. నొప్పికి మాత్రలు, మాత్రలు చాలక సూదులు, నొప్పి తగ్గాక కూడా సూదులు. అరవై రెండు కిలోల మనిషి నలభై ఒకటికి దిగాడు. ఆసుపత్రిలో ఉంచుకుని మత్తు మాన్పించి, ఇక తిండే మందు, దగ్గరుండి చూసుకోండి అని పంపేశారు. గోల్ ఘర్ పేటలో మాకు కింద కొట్టు, పైన రెండు గదులు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. వాడిని పైన ఉంచి, మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

"ఎన్నాళ్లప్పా ఇలాగ?" అన్నాడు. అక్కని కదా, వాడికి నేను అప్పనే.

"అరవై రెండు వచ్చేదాకా. ఆ రోజు తాళంచెవి నీ చేతిలో పెడతాను."

"మన దీవిలో పాత జైలు చూడ్డానికి టికెట్టు పెట్టారు. నన్ను చూడ్డానికి ఎంత పెడతావేటి?"

"ముందు చూసేలాగ తయారవ్వు."

నేను ఐదో తరగతి దాటలేదు. లెక్కలు కాటా దగ్గరే నేర్చుకున్నాను. కంటికి కనిపించే అంకె ఒకటి ఉంటే నాకు ధైర్యం. ప్రతి ఆదివారం కొట్టు తెరవకముందు వాడిని కిందికి దింపి కాటా ఎక్కించేదాన్ని. గోనెకు తీసినట్టే బట్టలకు అరకిలో తీసేసేదాన్ని.

"నేను గోనెతోనే పుట్టానప్పా, తియ్యకు," అని బేరమాడేవాడు.

సూది మానినవాడి నోరు తీపినే అడిగింది. అన్నం రెండు ముద్దలు తిని కంచం నెట్టేసేవాడు. జిలేబీ, డబ్బా పాలు, పంచదార చల్లిన రొట్టె అయితే ఎంతైనా తినేవాడు. అంకె పెరుగుతోంది కదా అని నేనూ తెచ్చిపెట్టాను. నలభై ఎనిమిది, యాభై రెండు, యాభై ఆరు. "దీదీ, మీ తమ్ముడు సేఠ్ అయిపోతున్నాడు," అన్నాడు ఎదురు కొట్టు భయ్యా.

వానలు పట్టుకున్నాయి. పైన వాడు కిటికీకీ మంచానికీ మధ్య తిరుగుతుంటే చెక్కల చప్పుడు కింద కొట్టులోకి వినిపించేది. వాడు పారిపోయినా ఎక్కడికి పోతాడు, చుట్టూ సముద్రమే. కానీ ఆ మత్తుమందు దొరికే రేవు ఆటో ఎక్కితే ఎంతో దూరం కాదు. ఆ చప్పుడు ఆగితే నా చేతిలో కొలత డబ్బా ఆగిపోయేది. కొట్టు వదిలి వీధి చివరికైనా వెళ్లలేకపోయాను.

యాభై తొమ్మిది తూగిన ఆదివారం, వాడు కాటా దిగి పైకి వెళ్తూ సగం మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఆయాసం. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, అలాగే ఉండిపోయింది. ఆ గుంట నాకు తెలుసు. సునామీ నీళ్లు తీశాక, తడిసిన బస్తాలను ఇలాగే వేలితో నొక్కి చూశాను. కాటా మీద అవి మునుపటికంటే ఎక్కువే తూగాయి. లోపల వండుకోవడానికి పనికొచ్చే గింజ లేదు. బియ్యంలో తడిని చేత్తో కనిపెట్టేదాన్ని, వాడి ఒంట్లో తడిని బలమనుకున్నాను.

ఆసుపత్రిలో రక్తం, గుండె అన్నీ చూశారు. నర్సు వాడి కాళ్లు చూపించి, "ఇది తాకత్ కాదు దీదీ, పానీ. బలం కాదు, నీరు. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా ఇంత తీపి పోస్తే ఎలా? గుడ్డు, పప్పు, చేప, ఆకుకూర, కొంచెం కొంచెంగా రోజుకి ఐదారుసార్లు పెట్టండి. వాపు తగ్గాక నడిపించండి. కండ పట్టాలి," అంది.

"బరువు తగ్గిపోదా?"

"తగ్గుతుంది. తగ్గనివ్వండి."

తగ్గింది. మందులు వాడుతుంటే నాలుగైదు ఆదివారాల్లో యాభైకి దిగింది. పప్పన్నం, చేపల పులుసు తింటూ, "బాగా తింటే శిక్ష పెరుగుతుందేటప్పా," అన్నాడు.

నడవాలంటే తలుపు తియ్యాలి. ఒక ఉదయం తాళంచెవి తీసి వాడి కంచం పక్కన పెట్టాను. ముట్టుకోలేదు.

"అరవై రెండు అన్నావు కదేటి."

"ఆ లెక్క తప్పురా. అది తడి లెక్క."

"తప్పో ఒప్పో, నాకున్నది ఆ లెక్కే. ఇది నా జేబులో ఉంటే కాళ్లు రేవుకే పోతాయి. నీ దగ్గరే ఉంచు. నువ్వొస్తే నడుస్తాను."

అలా ఇద్దరం నడవడం మొదలుపెట్టాం. మొదట వీధి చివరిదాకా, తర్వాత లంబాలైన్ దాకా. వాడి చేతులు గట్టిపడ్డాయి. ఇప్పుడు కొట్టులో పప్పులు తూచేది, బేరాలు చూసేది వాడే. డిగ్లీపూర్‌లో చుట్టాలు పెళ్లికి పిలిచినా నేను లేకుండా వాడు బస్సు ఎక్కడు, వాడిని వదిలి నేనూ ఎక్కను. కొట్టు కట్టేశాక, "తాళం వేశావా?" అని పైనుంచి వాడే అడుగుతాడు.

మొన్న ఆదివారం కూడా తూచాను. బట్టలకు అరకిలో తీసేస్తే యాభై ఎనిమిది. ఏళ్లుగా అక్కడే ఆగింది. తాళంచెవి నా బొడ్లోనే ఉంది. ఇంకా నాలుగు కిలోలు బాకీ.