మైకుకిచ్చిన బేటరీ

మా మనవరాలు భోగాపురం విమానాశ్రయంలో ఉద్యోగం చేస్తోంది. ఈ శీతాకాలం రెండు నెలల శిక్షణకని వేరే ఊరు వెళుతూ తన కారు తెచ్చి పాతపట్నంలో మా పెరట్లో పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. కారుకి గుడ్డ కప్పింది, బేటరీకి చిన్న చార్జరు పెట్టె తగిలించింది, ఒక కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసి నా చేతికిచ్చింది. నేను అక్షరాలు నేర్చింది అరవై దాటాక, రాత్రిబడిలో. ‘అ’కి తల ఎక్కడో తోక ఎక్కడో తెలియడానికే వారం పట్టింది. ఇప్పటికీ వేలు పెట్టుకుని చదువుతాను. మొదటి వాక్యం చార్జరు దీపం సంగతి. రెండోది: ‘ఈ బేటరీ తీసి ఎవరికీ ఇవ్వవద్దు.’ వేలు అక్కడే ఆగిపోయింది. పిల్లకి ఏమీ తెలియదు, ఊరికే జాగ్రత్తకి రాసింది. కాని చెంప మీద కొట్టినట్టయింది నాకు.

మా తమ్ముడికి ఒకప్పుడు పెళ్ళిళ్ళకి తిప్పే కారు ఉండేది. తెల్లది, పాతది, తలుపు గట్టిగా వేస్తే అద్దం కిందకి దిగిపోయేది. అయినా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికొడుకు దిగాలంటే ఆ కారులోంచే దిగాలి. ధనుర్మాసం వచ్చిందంటే ముహూర్తాలుండవు. పుష్యం దాటి మాఘం వచ్చేదాకా ఆ బండికి పని లేదు. ఆ రోజుల్లో వాడు కొత్తవలస పోయి లారీ తోలేవాడు. కారు మా పశువులశాల పక్కన పాకలో ఉండేది. ఊళ్ళో ఇంతమంది మగాళ్ళుండగా దాన్ని నాకే ఎందుకు అప్పగించాడంటే, నేను మొహమాటం లేని మనిషినని. ఉన్నది ఉన్నట్టు అనేస్తానని నాకు పేరు. మా అత్త పోయిన రోజున కూడా ఆవిడ చేసే పులుసు బాగుండదనే అన్నాను.

ఒక ఏడు బయల్దేరేముందు వాడు కారు ముందు మూత ఎత్తి బేటరీ చూపించాడు. “అప్పా, ఈ నల్లతీగ ఇప్పి ఉంచుతన్నాను. సోమారం సోమారం తగిలించి, తాళం తిప్పి, అరగంట ఇంజిను తిరగనియ్యి. మళ్ళీ ఇప్పీ. నీళ్ళు తగ్గితే ఈ సీసాలోవే పొయ్యాల. నూతినీళ్ళు పోసినావంటే సచ్చిపోద్ది.” మొదటి సోమవారం శ్రద్ధగా చేశాను. ఇంజిను ఒక్కసారి అరిచేసరికి కోళ్ళు పాక ఎక్కేశాయి, ఈనడానికున్న గేదె తాడు తెంపుకుంది. అరగంటసేపు దొరసానిలా ముందు సీట్లో కూర్చున్నాను.

రెండో సోమవారానికి ముందే రామమందిరం భజన పెద్ద వచ్చాడు. ధనుర్మాసంలో తెల్లవారుజామునే మైకులో పాటలు పెడతారు, సరిగ్గా అప్పుడే కరెంటు పోతోంది. “ఖాళీగానే ఉన్నాది గదమ్మా మీ తమ్ముడి బేటరీ. దేవుడి పని. మైకులో నీ పేరు సదివిస్తాను,” అన్నాడు. దేవుడి పనని ఇచ్చానని అప్పట్లో అనుకున్నాను. అబద్ధం. పేరు కోసం ఇచ్చాను. నా పేరు రాస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు, రేషన్ కార్డు మీద నిశానీ వేసేదాన్ని. అలాంటి పేరు ఊరంతా మంచులో ముడుచుకుని పడుకున్న వేళ నాలుగు వీధులా మోగుతుంటే, పొయ్యి దగ్గర కూర్చుని ఎవరైనా విన్నారా లేదా అని వీధిలోకి చూసేదాన్ని. సీసాలో నీళ్ళయిపోయాయంటే నేనే నూతినీళ్ళు తోడి చెంబుతో పంపాను. భోగి వెళ్ళాక బేటరీ తిరిగొచ్చింది. యథాస్థానంలో పెట్టించి, తీగలు బిగించి, తాళం తిప్పాను. ‘టక్’ మంది. అంతే. సేదతీరితే అదే లేస్తుందిలే అనుకున్నాను, పనిలో అలిసిన ఎద్దుని అనుకున్నట్టు.

మాఘంలో మొదటి ముహూర్తానికి ముందురోజు తమ్ముడు పక్కింటికి ఫోను చేశాడు. “అప్పా, బండి తిరుగుతన్నాదా?” “తిరుగుతన్నాది,” అన్నాను. ఒక్క మాట. మర్నాడు పొద్దున్న బస్సు దిగి, ఇస్త్రీ చొక్కాతో తిన్నగా పాకలోకి వెళ్ళాడు. బండి ఎంతకీ లేవలేదు. ఎనిమిదిమంది చెరువుగట్టు దాకా తోశారు, అయినా అందుకోలేదు. పెళ్ళికొడుకు నుదుట బాసికంతో ట్రాక్టరెక్కి వెళ్ళాడు. “కారు కారని ఊరేగినావు, ఆకరికి దుక్కి బండే దిక్కయినాది,” అని పెళ్ళివారు మా తమ్ముడి మొహం మీదే నవ్వారు.

మర్నాడు బేటరీ రిక్షాలో వేసుకుని బజారుకి వెళ్ళాం. దాన్ని అమ్మిన షావుకారు మా తమ్ముడికి ప్రాణస్నేహితుడు. కులం వేరైనా వరస కలుపుకుని మావా అంటే మావా అనుకునేవారు. సాయంత్రమైతే ఆ దుకాణం బల్ల మీదే ఇద్దరి టీ, ఇద్దరి వేళాకోళం. షావుకారు మూతలు విప్పి, గాజు గొట్టం ముంచి చూసి తల ఊపాడు. “ఊరికే ఉంటే ఇలగవదు మావా. దీన్ని ఎవులో పిండీసినారు. పోసింది కూడా నూతినీరే. రేకులు సూడు, తెల్లగా పూసీసినాయి.”

తమ్ముడు నావైపు తిరిగాడు. “ఏటప్పా, ఎవులికైనా ఇచ్చినావేటి?”

“నానెవులికీ ఇవ్వలేదు.”

“ఇన్నావా? మా అప్ప మొగుడి మీద కోపమొస్తే ఊరికంతా ఇనపడతాది గాని, అబద్ధం ఆడదు. పాత సరుక్కి రంగేసి నాకంటగట్టినావు, నన్ను నలుగురిలో నవ్వులపాలు సేసినావు!”

షావుకారు మా తమ్ముణ్ణి చూడలేదు, నన్ను చూశాడు. మూతలు ఒక్కొక్కటే బిగించి, పైన గుడ్డతో తుడిచాడు. “అయితే మోసగాణ్ణి నానే మావా. ఎల్లండి,” అన్నాడు.

ఆ తరవాత మా తమ్ముడు చిన్న బల్బు కావాలన్నా టెక్కలి పోయేవాడు గాని ఆ గడప తొక్కలేదు. కొన్నేళ్ళకి కారమ్మేసి కొత్తవలసలోనే స్థిరపడ్డాడు. నేను మాత్రం బజారుకెళ్ళినప్పుడల్లా ఆ దుకాణం ముందునుంచే నడవాలి. షావుకారు “రా తల్లీ, కూకో, ఎండగున్నాది,” అని పీట వేసేవాడు. ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. పీట మీద కూర్చుని మంచినీళ్ళు తాగి వచ్చేసేదాన్ని. కిందటి వేసవిలో ఆయన పోయాడు.

మనవరాలి కాగితం చదివిన రోజునే తమ్ముడికి ఫోను చేశాను. మైకు, నా పేరు, చెంబు, అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను.

“ఆడు నాకు రెండు సార్లు కబురెట్టినాడప్పా,” అన్నాడు. “వొచ్చి టీ తాగి పొమ్మన్నాడు. నానెల్లలేదు.”

ఫోను పెట్టేశాడు. నిజం చెప్పడానికి నేను తీసుకున్న ఏళ్ళన్నీ ఆ ఇద్దరి ఆయుష్షులోంచి తీసుకున్నవే.