పాయ సూప్ తోటి చెంచెడు వైన్

2018ల వానలు మొదలైనప్పుడు నేను షాద్‌నగర్ దాటినంక బెంగుళూరు రోడ్డు పక్కన ఉన్న ఒక రిసార్ట్‌ల రెస్టారెంట్ క్యాప్టెన్‌గ పని చేస్తున్న. క్యాప్టెన్ అంటె పెద్ద హోదా ఏం కాదు. టేబుల్ కాడికి పోయి ఆర్డర్ తీసుకోవాలె, ఏం తింటె బాగుంటదో చెప్పాలె, కస్టమర్ మాట వంటింటికి చేరెయ్యాలె. మాది నార్కట్‌పల్లి దగ్గర ఊరు. మా నాయిన తాళ్లెక్కెటోడు. కల్లు నాలుక మీద వెట్టి అది ఏ చెట్టుదో చెప్పెటోడు. నేను హైదరాబాద్‌ల హోటల్ కోర్సు చదివి వైన్ల పనిల వడ్డ.

ఆ ఏడు మా మేనేజర్ ఆదివారం మధ్యాహ్నాలకు ఒక కొత్త మెనూ పెట్టిచ్చిండు. ఐదు రకాల సూప్‌లు, ఒక్కో సూప్‌కు జోడీగ ఒక వైన్. గీ జోడీ కుదిర్చే పనిని మేం పెయిరింగ్ అంటం. మాంసానికో, చేపకో వైన్ జోడీ పెట్టుడు సులువు. సూప్‌కు కష్టం. నమిలేందుకు ఏం ఉండదు. అదీ పల్చనిదే, ఇదీ పల్చనిదే. నోట్ల కలిస్తె రెండూ రుచి లేకుంట అయితయి. టమాట సూప్ పుల్లగ ఉంటది కాబట్టి దాని పక్కన అంతే పులుపున్న తెల్ల వైన్ ఉండాలె, లేకుంటె వైన్ నీళ్లు తాగినట్టుంటది. మిరియాల సూప్‌కు కొంచెం తీపి ఉన్నది కావాలె. ఘాటు మీద గట్టి ఎర్ర వైన్ పోస్తె నోరు రెండింతలు మండుతది. పుట్టగొడుగుల క్రీమ్ సూప్‌కు చెక్క పీపాల్ల నిలువ చేసిన తెల్లది. తేటగ వడగట్టిన కోడి సూప్‌కు షెర్రీ, అంటె జర స్పిరిట్ కలిపి ఏండ్ల తరబడి నిలువ వెట్టిన వైన్. ఇగ మన మేకకాళ్ల పాయ సూప్‌కు నేను పల్చటి ఎర్ర వైన్ జర చల్లగ చేసి పెట్టిన. పాయల జిగురు ఉంటది. వైన్‌ల వగరు ఆ జిగురును కోస్తది. ఆ జోడీ కుదిరించినందుకు నాకు లోపల్లోపల చానా గర్వంగ ఉండె.

మొదటి రెండు ఆదివారాలు వచ్చినోళ్లు మెనూ చూసి నవ్విన్రు. బిర్యానీ, బీర్ చెప్పిన్రు. మూడో ఆదివారం ఎల్లారెడ్డి సారు వచ్చిండు.

అరవై దాటిన మనిషి. తెల్ల అంగీ భుజాల మీద వేలాడుతాంది, అంటె ఈ మధ్యనే బక్కవడ్డడన్న మాట. మెడ మీద చర్మం కమిలి నల్లగైంది. తోడు ఆయన భార్య, లక్ష్మమ్మ. కిటికీ పక్క టేబుల్ కాడ కూసున్నరు. ఆయన మెనూ తీసుకొని, వేలు పెట్టి, ఒక్కొక్క లైను చదివిండు.

"పాయకు ఎర్రదా?" అని అడిగిండు. గొంతు గీసినట్టుంది. దగ్గరికి వంగితెనే వినవడ్డది.

"అవును సార్. పల్చటిది. జర చల్లగ ఇస్తం."

"మంచిగ ఆలోచించినవు," అన్నడు.

ఆ మెనూ గురించి నాతోటి అట్ల మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. వెనకట ఆయనకు ద్రాక్షతోట ఉండెనట. అనాబ్‌షాహి రకం పండించెటోడు. తర్వాత కొన్నేండ్లు ఒక వైన్ కంపెనీకి ద్రాక్ష ఇచ్చిండు. కంపెనీ మనుషులు వచ్చినప్పుడల్ల సీసాలు తెచ్చి రుచి చూపెట్టెటోళ్లు. అట్ల నేర్చుకున్నడు. తోట ఇప్పుడు లేదు. ప్లాట్లయింది.

ఆర్డర్ తీసుకొని వంటింటి దిక్కు పోతుంటె లక్ష్మమ్మ నా వెనకనే వచ్చింది. చేతులు కడుక్కునే జాగల నన్ను ఆపింది.

"బిడ్డా, ఆయనకు గొంతు క్యాన్సర్. కరెంటు వెట్టిచ్చినం, అదే రేడియేషన్, ముప్పై రోజులు. ముద్ద దిగదు, సూపే తాగుతడు. మందు వాసన గూడ తగలొద్దన్నడు డాక్టర్ సాబ్. నేను వద్దంటె వినడు. నువ్వే ఏమన్న చెయ్యి. వైన్ లెక్క కనవడేది ఏమన్న పొయ్యి."

"సార్ గుర్తువడ్తడేమో అమ్మా."

"గుర్తువట్టనీయకు. నీ కాళ్లు మొక్కుత."

ఆమె చేతులు జోడించింది. నేను ఒప్పుకున్న. ఆలోచించలే గూడ. రోగం ఉన్న మనిషి, డాక్టర్ వద్దన్నడు, భార్య బతిమిలాడుతాంది. ఇంకేం ఆలోచిస్తం.

వంటింట్ల నల్ల ద్రాక్ష రసానికి నీళ్లు కలిపి, వగరు కోసం చల్లారిన టీ డికాషన్ పోసిన. నిమ్మకాయ పిండితె అచ్చం వైన్ లెక్క ఉండేది గని, పులుపు తగిలితె గొంతు మండుతదని పిండలే. పాయ సూప్‌ల మిరియాలు, కారం లేకుంట చేపిచ్చి, రెండుసార్లు వడగట్టిచ్చి, గోరువెచ్చగ తెచ్చిన. గ్లాసు ఆయన ముందల వెట్టి, సీసా చూపెట్టినట్టు కూడ చేసిన.

ఆయన గ్లాసు తిప్పిండు. వాసన చూసిండు. ఒక్క గుటక తీసుకొని చానా సేపు నోట్లనే ఉంచుకొని మింగిండు. మింగేటప్పుడు కండ్లు మూసుకున్నడు.

"పాయకు కుదిరింది," అన్నడు. "వగరు సరిపోయింది."

లక్ష్మమ్మ నా మొహం చూసి తల దించుకొని తన ప్లేట్ల అన్నం కలుపుకున్నది.

అటెనుక ప్రతి ఆదివారం వచ్చిన్రు. వారానికి ఒక సూప్ చెప్పెటోడు. ఆయన సూప్‌ల పులుపు, ఘాటు పేరుకే ఉండేటట్టు చేపిచ్చెటోన్ని. టమాటకు నేను ఆపిల్ రసం, నీళ్లు కలిపి తెల్ల వైన్ అని పోసిన. "దీనికి ఇంకా పులుపున్నది ఉంటె బాగుండు," అన్నడు. నిజమే, ఆ మాట అసలైన వైన్‌కు సంబంధించిన మాటే. నేను నిమ్మకాయ పిండకపోవుడు ఆయన నాలుకకు తెలిసిందనుకున్న. మిరియాల సూప్‌కు, క్రీమ్ సూప్‌కు గూడ ఇట్లనే ఏదో ఒకటి చెప్పెటోడు. నేను వంటింట్లకు పోయి చెఫ్‌కు గొప్పగ చెప్పెటోన్ని, ద్రాక్ష పండించిన మనిషిని గూడ నమ్మిచ్చిన అని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తె నాకు సిగ్గయితది.

ఆయన వారం వారం తగ్గిపోతుండె. అంగీ అదే, లోపలి మనిషే చిన్నగైతుండె. వాళ్లు వచ్చుడు మొదలైన ఐదో ఆదివారం గిన్నెల సూప్ సగం గూడ దిగలే. మళ్ల పాయనే చెప్పిండు. బయట సన్నగ వాన వడుతాంది. లక్ష్మమ్మకు ఇంటి నుంచి ఫోనొస్తె వరండాలకు పోయింది.

"శ్రీశైలం, జర ఇటు రా," అని నన్ను పేరు వెట్టి పిలిచిండు. నేను దగ్గరికి వోయి వంగిన.

"గిది వైన్ కాదు," అన్నడు. కోపం లేదు గొంతుల. వాన వడుతుందని చెప్పినట్టు చెప్పిండు.

నేను గ్లాసు దిక్కు చూసిన.

"మొదటి రోజే తెల్సింది. కరెంటు వెట్టినంక నా నాలుకకు ఏ రుచీ తెల్వది. ఉప్పు తెల్వది, తీపి తెల్వది. పాయ అయినా టమాట అయినా నాకు ఒక్కటే. గని మంట తెలుస్తది. వైన్ అయితె నా గొంతుల నిప్పు వెట్టినట్టుండాలె. గిది మండలే."

"మరి సార్, కుదిరింది అన్నరు... పులుపు తక్కువన్నరు..."

"మనసుల ఉన్న రుచులు చెప్పిన. అవైతె పోలే గద."

నేను తప్పయింది సార్ అన్న. ఆయన చెయ్యి ఎత్తి వద్దన్నడు.

"నేను వైన్ కోసం రాలే బిడ్డా. ఇంట్ల ఆమె నా ముందట తింటలేదు. నాకు ముద్ద దిగుతలేదని, పొయ్యి కాడ నిలవడి, ఏదో రెండు బుక్కలు మింగుతది. కొన్నిసార్లు అదీ లేదు. ఈడికొస్తె నా ఎదురుంగ కూసోవాలె, ప్లేటు వస్తది, పది మంది ఉంటరు, తినక తప్పది. వారంల ఒక్క పూటన్న ఆమె కడుపు నిండ తిన్నది నేను చూస్తున్న."

ఆయన వరండా దిక్కు చూసిండు. లక్ష్మమ్మ ఇంకా ఫోన్ల మాట్లాడుతాంది.

"ఇయ్యాల ఒక్కటి అడుగుత. నిజంది పొయ్యి. గ్లాసు వద్దు, ఒక్క చెంచెడు. పాయ తోటి. మండితె మండనీ. ఇగ నాకు తెలిసేది అదొక్కటే."

సీసా బార్ల ఉంది. నా నుంచి పది అడుగులు. ఆమె వచ్చే లోపల తెచ్చి పొయ్యొచ్చు. నేను పోలే. ఆమె జోడించిన చేతులు గుర్తొచ్చినయి. డాక్టర్ మాట గుర్తొచ్చింది. ఏమన్న అయితె ఉద్యోగం పోతదన్న భయం గూడ ఉండె, అది దాచి లాభం లేదు.

"అమ్మను ఒక్క మాట అడిగి, వచ్చే వారం పోస్త సార్."

"అడగకు. అడిగితె భయపడ్తది," అన్నడు. జరసేపు గిన్నెల చెంచా తిప్పిండు. "సరె తియ్. వచ్చే వారం చూద్దాం."

లక్ష్మమ్మ వచ్చి కూసున్నది. ఆయన గ్లాసు ఎత్తి నా ద్రాక్ష రసం ఒక గుటక తాగి, "పాయకు ఇదే కరెక్టు," అన్నడు.

వచ్చే ఆదివారం కిటికీ పక్క టేబుల్ మీద రిజర్వుడు కార్డు వెట్టిన. బార్ల పాయకు పోసే సీసా పొద్దుగాలనే చల్లగ వెట్టిచ్చిన. ఆమెను అడుగుడా, అడగకుంటనే పోసుడా అని పొద్దంత కొట్లాడుకొని, అడగకుంటనే పొయ్యాలని మనసుల గట్టి చేసుకున్న. మూడు గంటలకు లంచ్ బంద్ అయింది. రాలే. ఆ పై వారం గూడ రాలే. రిజిస్టర్ల నంబర్ ఉంటె ఫోన్ చేసిన. ఎవరో చుట్టం ఎత్తిండు. "పోయిండు. పది రోజులైంది," అన్నడు.

లెక్క వేస్తె, మా దగ్గరికి ఆఖరిసారి వచ్చిన నాలుగో రోజు.

చలికాలం మొదలైనంక ఒకనాడు మధ్యాహ్నం లక్ష్మమ్మ ఒక్కతే వచ్చింది. ఆదివారం కాదు. హాల్ల ఎవ్వరు లేరు. కిటికీ దిక్కు చూసి, తలుపు దగ్గరి కుర్చీలనే కూసున్నది. నేను నీళ్లు తెచ్చిచ్చి పక్కన నిలవడ్డ.

"కూసో బిడ్డా. నీతోటి మాట ఉండి వచ్చిన."

డ్యూటీల మేం కస్టమర్ ముందల కూసోవద్దు. ఆ రోజు కూసున్న.

"ఆయన గుర్తువట్టిండా?" అని అడిగింది.

లేదమ్మా అందామనుకున్న. ఆ అబద్ధం నాలుక మీదికి వచ్చింది గూడ. గని ఐదు వారాలు ఆ మనిషికి అబద్ధం పోసిన. ఇంకొకటి పొయ్యబుద్ధి కాలే.

"మొదటి రోజే గుర్తువట్టిండమ్మా."

ఆమె తల ఊపింది. "నిజంది గావాలని అడిగిండా?"

"అడిగిండు. ఆఖరి వారం. ఒక్క చెంచెడు. నేను పొయ్యలే."

కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది. తర్వాత చెప్పింది. మా దగ్గరికి వచ్చుడు మొదలైన మూడో వారమే డాక్టర్ సాబ్ ఆమెను పక్కకు పిలిచి, ఇగ మందులు లేవమ్మా, ఆయన ఏది అడిగితె అది ఇయ్యి అన్నడట. వైన్ అయినా సరె అన్నడట.

"నీకు చెప్పాలె అనుకున్న బిడ్డా. చెప్తె నువ్వు నిజంది పోస్తవు. అది మండుతది. మండంగనే ఆయనకు తెలుస్తది, నేను ఎందుకు ఒప్పుకున్ననో. ఇగ నువ్వు బతకవు అని ఆయనకు నేనే నోటితోటి చెప్పినట్టయితది. నాకు ధైర్యం రాలే."

నేను ఆయన ఎందుకు వచ్చెటోడో చెప్పిన. మీరు తింటె చూడాలని వచ్చెటోడమ్మా అని. ఆ మాట ఆమెకు జర ఊరట అయితదేమో అనుకున్న.

"తెల్సు," అన్నది. "అందుకే తిన్న. ఒక్కనాడు గూడ సయించలే. ఇంటికి వోయి కక్కుకున్న దినాలు గూడ ఉన్నయి. ఆయన చూస్తుండు గదా అని తిన్న."

ఆమె లేచింది. "ఆయన నాకు చెప్పలే, నేను ఆయనకు చెప్పలే. మా ఇద్దరి నడుమల నిన్ను వెట్టినం. ఏమనుకోకు."

ఏమన్న తినిపొండ్రి అమ్మా, అన్నమన్న పెట్టిస్త అన్న. వద్దన్నది. గేటు దాంక వోయి ఆటో ఎక్కిచ్చిన. మళ్ల ఆమెను చూడలే.

తర్వాత నేను రెండు చోట్ల పని చేసిన, ఇప్పుడు మహబూబ్‌నగర్ల ఒక హోటల్‌ల ఉన్న. సూప్‌లకు వైన్ జోడీ పెట్టే మెనూ మళ్ల ఎన్నడు చెయ్యలే. గని టేబుల్ కాడ నా పద్ధతి మారింది. పక్కన భార్య చెప్తది, కొడుకు చెప్తడు, ఉప్పు వద్దు, నూనె వద్దు, ఆయనకు అది ఇయ్యకు అని. అన్నీ వింట. వాళ్ల ప్రేమ అది, వినాలె. విన్నంక తినే మనిషి దిక్కు తిరిగి, ఆయన మొహం చూసి, "మీకేం గావాలె?" అని అడుగుత. కుదరని పని అయితె కుదరదని ఆయనకే చెప్త, మాయ చేసి ఇయ్య. ఇగ కుదిరే పనైతె ఆ పూటనే చేస్త. ముసలోళ్లకు, రోగమున్నోళ్లకు వచ్చే వారం అని చెప్పుడు బంద్ చేసిన.